రేకు పెట్టెలు వచ్చిన ఏడాది

మా ఆశ్రమ పాఠశాలలో చెప్పుల స్టాండు ఉండేది. చెప్పులు ఉండేవి కావు.

చర్ల దాటి, వాగు దాటి, అడవిలోకి ఇంకొంత దూరం నడిస్తే వచ్చే ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల అది. చుట్టుపక్కల గూడేల కోయపిల్లలే అందరూ. నడక నేర్చిన దగ్గర్నుంచి ఉత్త కాళ్లతో తిరిగినవాళ్లు. ఆ స్టాండు మాత్రం టేకు చెక్కతో, మూడు అరలతో, నిగనిగలాడే వార్నీషుతో వరండా మొదట్లోనే నిలబడి ఉండేది. ఖమ్మం నుంచి బస్సులు మారి, చివరికి ఎడ్లబండి ఎక్కి వచ్చిన నేను, ఉద్యోగంలో చేరిన రోజున దాన్ని చూసి నా చెప్పులు విడిచి మధ్య అరలో పెట్టాను. లోపల్నుంచి వస్తున్న హెడ్మాస్టరు గారు అది చూసి, "చూశావామ్మా, అలవాటంటే అదీ" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మొదటి మెప్పు అది. చెప్పులు విడిచినందుకు.

ఇదంతా ఎనభైల నాటి మాట. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకు జూన్ ముందర శిక్షణ తరగతులు పెడుతున్నారట. పిల్లలు సంచీ ఎలా సర్దుకోవాలి, టైం టేబుల్ ఎక్కడ అంటించుకోవాలి, వస్తువులు పోగొట్టుకోకుండా ఎలా అలవాటు చేయాలి అని. మంచిదే. మా రోజుల్లో ఆ శిక్షణ ఏదీ లేకుండానే మా పిల్లలు అన్నీ సర్దుకున్నారు. ఒక్క వస్తువు చెదరకుండా సర్దుకున్నారు. దానివల్ల మా మీదికి ఏం వచ్చిందో చెబుతాను.

హెడ్మాస్టరు గారిది మధిర దగ్గర పల్లె. అక్కడ పెద్ద బడిలో పనిచేసి మా అడవికి బదిలీ మీద వచ్చారు. పనిష్మెంటు మీద వచ్చారని మిగతావాళ్లు అనేవారు. అడిగి వచ్చానని ఆయన అనేవారు. నేను రెండు మాటలూ నమ్మాను. ఎందుకంటే ఆయన శుభ్రతను భరించలేక ఎవరో పంపించి ఉండొచ్చు, ఆయన సంతోషంగా వచ్చి ఉండొచ్చు. తువ్వాలు ఆరేస్తే నాలుగు మూలలూ సమానంగా ఉండాలి. సుద్దముక్కలు పొడుగువారీగా పెట్టాలి. పెట్టె సర్దుకోవడం వచ్చిన పిల్లకు బతుకు సర్దుకోవడం దానంతట అదే వస్తుందని ఆయన గట్టి నమ్మకం.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ మనిషిలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. వానలు పడి వాగు పొంగితే, గూడేలనుంచి వచ్చే చిన్నపిల్లల్ని ఒక్కొక్కరినీ భుజం మీద ఎక్కించుకుని తనే దాటించేవారు. పిల్లలందరూ తిన్నాకే తను తినేవారు. మా పాఠశాల ఏడో తరగతితో ఆగిపోయేది. ఎనిమిదో తరగతి పెట్టించాలని ఆయన ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఏడు పాసైన పిల్లలు పైకి చదవాలంటే భద్రాచలం వెళ్లాలి. ఎవరూ వెళ్లేవారు కాదు. జూన్‌లో మేం కొత్తపిల్లల్ని చేర్చుకునే వేళకు, ఏప్రిల్‌లో మా దగ్గర్నుంచి వెళ్లిన పిల్లలకు పెళ్లిళ్లు అయిపోయేవి.

ఆ ఏడాది జూన్‌లో రేకు పెట్టెలు వచ్చాయి.

అంతకుముందు పిల్లల సామాను అంటూ ఒకటి ఉండేది కాదు. దండెం మీద నాలుగు బట్టలు, గోడవారన పలకలు. అంతే. ఆ ఏడు ప్రభుత్వం ఎందుకో మమ్మల్ని తలుచుకుంది. లారీ చర్ల దాకా వచ్చింది. అక్కడినుంచి ఎడ్లబళ్ల మీద పెట్టెలు వాగు దాటాయి. ఒక్కో పిల్లకు ఒక్కో నీలంరంగు పెట్టె. అందులో దుప్పటి, రెండు జతల యూనిఫారం, సబ్బు, కొబ్బరినూనె సీసా, దువ్వెన, ఎర్ర రిబ్బన్లు, నోటుపుస్తకాలు, పెన్సిళ్లు. మొదటిరోజంతా మూతలు తెరిచి మూసే చప్పుడుతో అడవి దద్దరిల్లింది. ఒక చిన్నపిల్ల తన పెట్టెలో తనే కూర్చుని మూత వేసుకుంది.

మర్నాడు పొద్దున హెడ్మాస్టరు గారు అందరినీ వరండాలో కూర్చోబెట్టి ఒక పెట్టెను నమూనాగా సర్ది చూపించారు. అడుగున దుప్పటి. దాని మీద బట్టలు. కుడివైపు పుస్తకాలు. ఎడమ మూలన సబ్బు, పక్కన నూనెసీసా, మూత పైకి చూస్తుండాలి. వస్తువంటే ఏమిటి, జాగ్రత్తంటే ఏమిటి, ప్రభుత్వం మన మీద పెట్టుకున్న నమ్మకం ఏమిటి, ఇవన్నీ చెప్పారు. చివర్న, "త్వరలో పెద్దాఫీసరు గారు చూడ్డానికి వస్తారు. మనకు ఎనిమిదో తరగతి ఇవ్వాలో వద్దో ఆయనే తేలుస్తారు. ఆయన వచ్చిననాడు ఒక్క వస్తువు చెడి ఉండకూడదు. కొత్తవి కొత్తగానే ఉండాలి" అన్నారు.

చిన్న తరగతుల పిల్లలకు తెలుగు రాదు. వాళ్లకు కోయలో చెప్పడం ఏడో తరగతి లీడరు పని. పొడుగ్గా, బక్కగా, ఎవరు మాట్లాడినా కళ్లార్పకుండా వినే పిల్ల. హెడ్మాస్టరు గారు అరగంట చెప్పినదాన్ని ఆ పిల్ల లేచి నిలబడి ఒక్క వాక్యంలో చెప్పి కూర్చుంది. పిల్లలంతా తలలూపారు.

"అంతేనా? ఇంత చెబితే అంతేనా?" అన్నారు ఆయన.

"అంతే సారు" అంది ఆ పిల్ల.

అప్పటికి నాకు కోయ రాదు. ఆ వాక్యం ఏమిటో మాకు ఆగస్టులో గానీ తెలియలేదు.

ఆ రెండు నెలలూ హెడ్మాస్టరు గారి జీవితంలో సువర్ణయుగం అనుకోండి. ప్రతి ఆదివారం పొద్దున విజిల్ వేసేవారు. పిల్లలు పెట్టెల వెనక నిలబడి అందరూ ఒక్కసారే మూతలు ఎత్తేవారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడిచేవారు. అడుగున దుప్పటి అడుగునే ఉంది. సబ్బు మూలనే ఉంది. నూనెసీసా మూత పైకే చూస్తోంది. "మధిరలో పదేళ్లు చెప్పినా రాలేదమ్మా ఇది. ఇక్కడ ఒక్కసారి చెబితే వచ్చింది" అనేవారు నాతో.

నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చీ రానట్టుగా వచ్చింది. పిల్లల తలల దగ్గర కుంకుడుకాయ వాసనే వచ్చేది. ఒంటి మీద పాత బట్టలే ఉండేవి. ఒకరోజు తరగతిలో లీడరుపిల్లను, "కొత్త పుస్తకాల్లో ఎందుకు రాయట్లేదు?" అని అడిగాను.

"పాతవి అయిపోలే టీచర్" అంది.

చూస్తే నిజంగానే అయిపోలేదు. పోయిన ఏటి పుస్తకంలో అంచులు మిగిలాయి. హెడ్మాస్టరు గారికి చెబితే, "పొదుపు" అన్నారు, గర్వంగా. అంతటితో ఆ విషయం అయిపోయింది. ముగ్గురు టీచర్లం ఏడు తరగతులు లాగుతున్న రోజులవి. పిల్లలు మరీ పద్ధతిగా ఉన్నారే అని బెంగపడే తీరిక ఎవరికీ లేదు.

ఈ లోపల ఆ పిల్ల తండ్రి వచ్చాడు. నాట్లకు ముందు వాన తెరిపి ఇచ్చిన రోజున, కూతురు తింటుందని లేత వెదురుకొమ్ములు మోదుగాకులో కట్టుకుని తెచ్చాడు. పిల్లకు ఇచ్చి, ఆమె తలమీద చెయ్యివేసి, నేరుగా హెడ్మాస్టరు గారి దగ్గరకు వచ్చి నేలమీద కూర్చున్నాడు.

"ఏడు అయినంక పిల్లను తీస్కపోత సారు" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇంటికే. మా బామ్మర్ది అడుగుతుండు, ఆళ్ల పిల్లగానికి. మాట గూడ ఇచ్చిన."

"అప్పుడే పెళ్లేమిటయ్యా? ఇంత చదివే పిల్లని. ఎనిమిదో తరగతి ఇక్కడే పెట్టిస్తున్నాను."

"పెట్టినంక జెప్పు సారు. గప్పుడు చూద్దాం. భద్రాచలం అంటే మాత్రం పంప. బస్సెక్కితే దానికి వాంతులు."

ఆయన ఇంకేదో చెప్పబోయారు. తండ్రి లేచి, దండం పెట్టి, స్టాండుకేసి ఒకసారి వింతగా చూసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం హెడ్మాస్టరు గారు పెట్టెలన్నీ మళ్లీ ఒకసారి చూసొచ్చారు. ఆదివారం కాకపోయినా.

ఆఫీసరు గారు కొత్తగా వచ్చినవారు, గట్టిమనిషి అని చర్ల నుంచి వచ్చే ప్రతి మనిషీ ఒక కబురు మోసుకొచ్చేవాడు. ఆ రోజుల్లో కొన్నిచోట్ల హాస్టళ్లలో లేని పిల్లల్ని ఉన్నట్టు రాసి బియ్యం తినేస్తున్నారని ఆయన చెవిన పడిందట. ఎక్కడికి వెళ్లినా ముందు చూసేది పిల్లలు నిజంగా ఉంటున్నారా లేదా అన్నదేనట. ఆ మాట విని మేం నవ్వుకున్నాం. మా దగ్గర పిల్లలు నిజంగా ఉన్నారు. రోజూ కొట్టుకుంటున్నారు, రోజూ తింటున్నారు. మనకేం భయం అనుకున్నాం.

ఆయన వచ్చేరోజు ముందుగానే తెలిసింది. పిల్లలకు ఆ పొద్దున కొత్త యూనిఫారాలు వేసుకోమని చెప్పాం. నేను నా పని నేను చేశాను. చెప్పుల స్టాండు బోసిగా ఉందని హెడ్మాస్టరు గారు బాధపడుతుంటే, నావి రెండు జతలు, వంటమ్మ రబ్బరు చెప్పులు, అటెండరువి, మిగతా టీచర్లవి, హెడ్మాస్టరు గారి పాత బూట్లు, అన్నీ తెచ్చి అరల్లో వరసగా పెట్టాను. మేమంతా ఆ రోజు ఉత్త కాళ్లతోనే తిరిగాం.

జీపు వాగు అవతలే ఆగిపోయింది. ఆఫీసరు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని వాగు దాటి వచ్చారు. కాళ్లు కడుక్కుంటూ ఆయన చూసిన మొదటి వస్తువు స్టాండు.

"ఇవి పిల్లలవా?" అన్నారు, బూట్ల జతకేసి చూస్తూ.

హెడ్మాస్టరు గారికి అబద్ధం చేతకాదు. "కాదండీ. మావే."

"పిల్లలవి ఏవి?"

"పిల్లలకు లేవండీ."

"మరి స్టాండు ఎందుకు?"

"రేపు వస్తాయి కదండీ" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆఫీసరు గారు తన బూట్లు కూడా అక్కడే పెట్టారు. లోపలికి నడిచారు. పిల్లలు పెట్టెల వెనక నిలబడి ఉన్నారు. కొత్త యూనిఫారాల మీద మడతల గీతలు అట్టముక్కల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఒకటో తరగతి పిల్ల మెడ దగ్గర బట్టలకొట్టు కాగితం ఇంకా అంటుకునే ఉంది. విజిల్ పడింది. మూతలు ఒక్కసారే లేచాయి.

ఆయన మొదటి పెట్టె ముందు వంగి సబ్బు తీసి చూశారు. కాగితం విప్పలేదు. నూనెసీసా తీశారు. సీలు అలాగే ఉంది. నోటుపుస్తకం తిప్పారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెల్లగా మెరిసింది. రెండో పెట్టె. మూడో పెట్టె. ఆ వరస చివరి పెట్టె. ఆయన వెనకాల నడుస్తున్న హెడ్మాస్టరు గారి మొహం పెట్టె పెట్టెకూ వికసిస్తోంది. 

"ఇవి ఎప్పుడిచ్చారు?"

"జూన్లోనండి."

"ఇది ఆగస్టు."

"అవునండి. చూడండి, ఒక్కటి చెడలేదు" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆఫీసరు గారు సబ్బును జాగ్రత్తగా దాని మూలన పెట్టేసి, హెడ్మాస్టరు గారిని వరండాలోకి రమ్మన్నారు. కిటికీ పక్కనే ఉన్నాను కాబట్టి నాకు అంతా వినబడింది.

"మాస్టారూ, సూటిగా అడుగుతాను. ఈ పిల్లల్ని ఇవాళ ఏ గూడెం నుంచి తెప్పించారు?"

హెడ్మాస్టరు గారికి ప్రశ్నే అర్థం కాలేదు. "అన్ని గూడేల నుంచీనండి" అన్నారు.

"నేనడిగేది అది కాదు. ఇక్కడ ఉంటున్న పిల్లలు రెండు నెలల్లో సబ్బు ముట్టుకోరా? అక్షరం రాయరా? దుప్పటి కప్పుకోరా? ఈ గదిలో పిల్లలు ఉంటున్న గుర్తు ఒక్కటి చూపించండి."

అప్పుడు అర్థమైంది ఆయనకు.  రెండు నెలలుగా ఆ గుర్తులు ఒక్కటీ లేకుండా చూసినవారు తనే కదా. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న వంటమ్మ ఉండబట్టలేక, "నేను దినాం వండుతున్న సారూ, ఇంతింత గంజుల" అంది, చేతులు చాపి.

"వండింది ఎవరు తిన్నారు?" అన్నారు ఆఫీసరు గారు.

వంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. హెడ్మాస్టరు గారు వరండా స్తంభం పట్టుకున్నారు. ఎనిమిదో తరగతి సంగతి సరే, ఏడు కూడా ఉంటుందో లేదో అనిపించింది నాకు. గది లోపల పిల్లలు మూతలు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. దించమని ఎవరూ చెప్పలేదు.

ఆఫీసరు గారు మళ్లీ లోపలికి వచ్చి ఒకరిద్దరు చిన్నపిల్లల్ని పేర్లు అడిగారు. వాళ్లు కాళ్లకేసి చూశారు. ఆయన అనుమానం ఇంకొంత బలపడింది. చివరికి లీడరుపిల్ల దగ్గర ఆగారు.

"నీకు తెలుగొచ్చా?"

"వచ్చు సారు."

"ఈ సబ్బు ఎందుకు వాడలేదు?"

ఆ పిల్ల ఆయన కళ్లలోకి చూసింది. "మీరు రాలే గద సారు" అంది.

"నేనా?"

"అవ్. పెద్దాఫీసరు వచ్చేదాంక కొత్తయి కొత్తగనే ఉండాలని మా సారు జెప్పిండు. నేను చిన్నోళ్లకు గదే జెప్పిన, ఆఫీసరు వచ్చేదాంక ఎవ్వలు ముట్టద్దని." పెట్టెలోని సబ్బుకేసి చూసి, "ఇయ్యాల మీరొచ్చిండ్రు గద. ఇగ వాడుకోవచ్చా సారు?" అంది.

 హెడ్మాస్టరు గారు అరగంట చెప్పిన మాటల్లో ఆమె చేర్చినది గానీ తీసేసినది గానీ ఒక్కటీ లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆఫీసరు గారు నవ్వలేదు. కానీ గొంతు కొంచెం తగ్గింది. "మరి ఇన్నాళ్లూ మీ సామాను ఏది?"

"కట్టెల కొట్టంల ఉన్నది."

వంటింటి వెనక తడికలతో వేసిన కట్టెల కొట్టం అది. ఆ పిల్ల ముందు, ఆఫీసరు గారు వెనక, మేమంతా ఆ వెనక. లోపల కట్టెల పైన, తాటాకు కప్పు కింద, అడ్డంగా కట్టిన వెదురుగడలకు మూటలు వేలాడుతున్నాయి. పాత చీరముక్కల మూటలు, గోనెసంచి ముక్కల మూటలు. ఒక గూడెం పిల్లలవన్నీ ఒక గడకి. ఒక్కో మూటకు ఒక్కో గుర్తు. ఒకదానికి నెమలీక, ఒకదానికి గురిగింజల దండ, ఒకదానికి విరిగిన గాజు. వర్షం పడితే తడవకుండా, ఎలుకలు అందుకోకుండా, పొయ్యి సెగకు చెమ్మ పట్టకుండా.

"ఇవి ఈ పిల్లలవేనని ఎలా తెలుస్తుంది?" అన్నారు ఆఫీసరు గారు, ఇంకా పూర్తిగా లొంగకుండా.

ఆ పిల్ల వెనక్కి తిరిగి కోయలో ఒక్క మాట అంది. అంతే. పిల్లలంతా మా కాళ్ల మధ్యలోంచి దూరి కొట్టంలోకి జొరబడ్డారు. కట్టెల మీదికి ఎక్కినవాళ్లు ఎక్కారు, పెద్దపిల్లల భుజాల మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నారు. నేను కళ్లార్పి చూసేసరికి ఎవరి మూట వాళ్ల చేతుల్లో ఉంది. ఒక్కరూ తడుముకోలేదు. ఒక్క మూట కోసం ఇద్దరు పెనుగులాడలేదు. మెడకు కాగితం అంటుకున్న ఒకటో తరగతి పిల్ల తన మూట విప్పి ఆఫీసరు గారికి చూపించింది. అరిగిన పలకముక్క, కుంకుడుకాయలు, పళ్లు విరిగిన దువ్వెన, పోయిన ఏటి గౌను, కొన్ని తునికి గింజలు, వాళ్లమ్మ రవికెముక్క.

ఆఫీసరు గారు గింజ ఒకటి తీసుకుని చూసి మళ్లీ మూటలో వేశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

హెడ్మాస్టరు గారు ఆ కొట్టం లోపలికి రావడం అదే మొదటిసారి. చాలాసేపు వెదురుగడల్ని చూస్తూ ఉండిపోయారు. తర్వాత వంటమ్మను పిలిచి, "నీకు ముందే తెలుసా ఇది?" అని అడిగారు.

"నా కొట్టమే గద సారు. ఎవ్వలడిగిండ్రు నన్ను?" అంది వంటమ్మ. ఆమెకు కోపం ఇంకా తగ్గలేదు. ఆ రోజు ఆఫీసరు గారికి పప్పు నీళ్లలా వడ్డించింది.

భోజనం ముందే ఆయన లీడరుపిల్లను పిలిచి, "వాడుకోండి" అన్నారు. ఆ మాట కోయలోకి మారిన మరుక్షణం బోరింగు దగ్గర మొదలైన గొడవను నేను వర్ణించలేను. ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు అన్న ఆలోచనే లేదు. అందరి సబ్బులూ ఒక్కసారే విప్పారు. నురుగు బోరింగు గట్టు మీంచి పారి బంతిమొక్కల్లోకి పోయింది. కొత్త యూనిఫారాలతోనే స్నానాలు. నూనెసీసాలు ఖాళీ అయ్యాయి. పెన్సిళ్లు చెక్కారు, దుప్పట్లు పరిచారు, వాటి మీద తడికాళ్లతో పొర్లారు. సాయంత్రానికి ఆ గదిలో పెట్టె ఒకవైపు, మూత ఒకవైపు. పిల్లలు ఉంటున్న గుర్తు కావాలన్న ఆఫీసరు గారు ఆ గుమ్మంలో ఒకసారి నిలబడి చూసి, తృప్తిగా వాగు దాటి వెళ్లిపోయారు.

హెడ్మాస్టరు గారు వరండాలో కూర్చుని ఉన్నారు. గదిలోకి చూడలేక మొహం అటు తిప్పుకున్నారు. నేను టీ ఇచ్చి, "రేపు సర్దిద్దాం సార్" అన్నాను.

"వద్దమ్మా. ఆయన రిపోర్టు రాసేదాకా ఉండనీ" అన్నారు.

ఆ ఏడాది పరీక్షలయ్యాయి. లీడరుపిల్ల ఏడో తరగతి మంచి మార్కులతో పాసైంది. పై ఆఫీసు నుంచి ఏ కబురూ లేదు. ఏప్రిల్ చివర్లో తండ్రి వచ్చి పిల్లను తీసుకుపోయాడు. ఎనిమిది వచ్చిందా అని ఒకసారి అడిగాడు. ఇంకా రాలేదన్నాం. "సరే సారు" అన్నాడు, మమ్మల్ని ఓదారుస్తున్నట్టుగా. ఆ పిల్ల వాగు దాకా వెనక్కి చూడకుండా నడిచింది. సెలవులకు నేను ఖమ్మం వెళ్లాను గానీ, మిరపబస్తాల మధ్య బజార్లో నడుస్తున్నా ఆ నడకే కళ్లకు కట్టేది.

జూన్‌లో నేను తిరిగి వచ్చేసరికి హెడ్మాస్టరు గారు రెండు ఆర్డర్లు పట్టుకుని నాకోసం ఎదురు చూస్తున్నారు. రెండూ ఒకే కవరులో వచ్చాయట. మొదటిదాని ప్రకారం మాకు ఎనిమిదో తరగతి మంజూరైంది. టీచరు పోస్టు ఇవ్వలేదు, గది ఇవ్వలేదు, తరగతి మాత్రం ఇచ్చారు. రెండోదాని ప్రకారం, తనిఖీ సమయంలో మా దగ్గర సబ్బులు, నూనె, నోటుపుస్తకాలు వాడకుండా నిల్వ ఉన్నట్టు తేలినందువల్ల ఈ ఏటికి అవి సరఫరా చేయనవసరం లేదు.

"రెండూ నిజమే కదమ్మా" అన్నారు ఆయన. తన గదిలోంచి మంచం బయటపెట్టించి, అక్కడ ఎనిమిదో తరగతి బల్ల వేయించారు. తను సామాన్ల గదిలోకి మారారు. తర్వాత, "నడవగలవా?" అని అడిగారు.

ఇద్దరం ఆ పిల్ల గూడేనికి బయల్దేరాం. తొలకరి పడి దారంతా బురద. తువ్వాలు మూలలు చూసుకునే మనిషి మోకాళ్ల దాకా మట్టితో, ఒక చెప్పు తెగిపోయి చేత్తో పట్టుకుని నడిచారు. మేం వెళ్లేసరికి ఇంటి ముందు మంచం మీద తండ్రి, పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉన్నారు. పిల్ల వాకిట్లో వడ్లు దంచుతోంది. మమ్మల్ని చూసి ఆగి, మళ్లీ దంచడం మొదలుపెట్టింది, ఇదివరకటికన్నా మెల్లగా.

"ఎనిమిది వచ్చిందయ్యా" అన్నారు హెడ్మాస్టరు గారు, కూర్చోకుండానే.

తండ్రి ఆ ఇంకో మనిషి వైపు చూశాడు. "ఈనే మా బామ్మర్ది సారు. మాట ఇచ్చిన అన్న గద."

 ఏం చెప్పాలో హెడ్మాస్టరు గారు దారి పొడుగునా మనసులో సర్దుకున్నారు. ఒక్కటీ నోటికి రాలేదు. "ఒక్క ఏడాది ఆగండి" అన్నారు, బామ్మర్దితో, చెప్పు చేత్తో పట్టుకునే. "ఎనిమిది అవనివ్వండి. నేను అడుగుతున్నాను."

బామ్మర్ది గడ్డం గోక్కున్నాడు. "నేనే ఆగుమని చెప్పేటందుకు వచ్చిన సారు" అన్నాడు.

"ఏంది?" అన్నాను నేను, ఖమ్మం భాష బయటపడిపోయి.

"మా పిల్లగాడు హాస్టల్ల ఏడు చదువుతుండు. పాసైతే ఆఫీసుల అటెండర్ నౌకరి వస్తదన్నరు. నౌకరి వచ్చినంకనే పెండ్లి జేస్తనన్న. ఆడు లెక్కలల్ల తప్పిండు. రెండోసారి." తలవంచుకుని, "ఆడు పాసయ్యేదాంక మీ పిల్లను ఏడనన్న ఉంచుకోరి, నాకేం లేదు" అన్నాడు.

రోకలి ఆగింది. ఆ పిల్ల దాన్ని గోడకు ఆనించి ఇంట్లోకి వెళ్లింది. మంచినీళ్లు తెస్తుందేమో అనుకున్నాను. యూనిఫారం వేసుకుని వచ్చింది.

తిరిగి వస్తుంటే ఆ పిల్ల మాకు చాలా ముందు నడుస్తోంది, ఉత్త కాళ్లతో, బురదలో ఎక్కడ అడుగు వేయాలో తెలిసినట్టుగా. మేం వెనక జారుతూ వస్తున్నాం.  వాగు కనబడ్డాక హెడ్మాస్టరు గారు, "అమ్మా, ఆ కుర్రాడికి లెక్కలు చెప్పే మాస్టారు ఎవరో కనుక్కో" అన్నారు.

"ఎందుకు సార్? ఏమన్నా చెప్పాలా ఆయనకు?"

"ఆయనకేం చెప్పొద్దు. బదిలీ కాకుండా చూడమని ఆఫీసులో చెబుదాం" అన్నారు.

చెప్పలేదు లెండి. అవసరం పడలేదు. ఆ మాస్టారు అక్కడే ఉన్నారు, మాకు మరుసటేడు తొమ్మిదీ ఆ తర్వాత పదీ వచ్చాయి, ఆ పిల్ల పది మొదటి తరగతిలో పాసై బస్సెక్కి, దారంతా వాంతులు చేసుకుంటూ, పైచదువుకు భద్రాచలం వెళ్లింది. ఆ కుర్రాడు ఆమె బస్సెక్కిన వేసవిలోనే ఏడు పాసయ్యాడు.